గుంట అంటే గొయ్యి కాదు

రెండు నెలల క్రితం డాలస్ నుంచి మా అమ్మాయి ఫోనుకి ఒక జాబితా పంపింది. ఎడమ పక్క ఇరవై మాటలు, కుడి పక్క ఖాళీ. "అమ్మా, ఇవన్నీ అమ్మమ్మ మాటలు. నాకు గుర్తున్నవి రాశాను. ఇంగ్లీషులో అర్థాలు రాసి పంపు. పాప అడుగుతోంది" అని కింద రాసింది. పాపకి ఆరేళ్ళు.

ఏటి, బేగి, గుంట, ఒలే, తొంగో, సోడంబలి, గెడ్డ, ఉబాలు, కంబారి, మారుమనువు... ఇలా సాగింది ఆ జాబితా. ముప్ఫై నాలుగేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఇదెంతసేపు అరగంట పని అనుకున్నాను. ఏటి అంటే వాట్. బేగి అంటే క్విక్లీ. తొంగో అంటే లై డౌన్. గుంట అంటే గర్ల్. అక్కడిదాకా రాసి ఆగిపోయాను. గుంట పక్కన గర్ల్ అన్న మాట చూడగానే 1985 నాటి ఒక సాయంత్రం గుర్తొచ్చి చెయ్యి కదలలేదు.

అప్పుడు మా అమ్మాయికి నాలుగు నెలలు. అమ్మ చీపురుపల్లి నుంచి సాయానికి వచ్చింది. నాతో పనిచేసే లెక్చరర్లు ఇద్దరు బిడ్డని చూడ్డానికి వచ్చారు. అమ్మ లోపల్నించి వచ్చి, "ఓలమ్మ, గుంట ఇప్పుడే తొంగుండిపోనాదమ్మా" అంది. వాళ్ళలో ఒకావిడది గుంటూరు. "గుంటేమిటండీ?" అని నవ్వింది. ఆవిడ ఊళ్ళో గుంట అంటే నీళ్ళు నిలిచే పల్లం. ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు. కానీ నాకు ప్రాణం చచ్చిపోయింది. "గుంట కాదమ్మా, పాప అనాలి" అన్నాను అందరి ముందూ. అమ్మ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "పాప పడుకుందండి" అంది, రేడియోలో వార్తలు చదివినట్టు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా నా ఇంట్లో అమ్మ మాట్లాడడం తగ్గించేసింది. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి నేనే అడిగితే, "నీకాడికొస్తే నాకు నోరు నొప్పెట్టేస్తాదే" అంది. అమ్మ 2012లో పోయింది. ఆ మాట మాత్రం నాతోనే ఉంది.

అమ్మకి నేను చేసింది నాకు ఎవరో చేసిందే. ఇంటర్‌లో చేరడానికి మొదటిసారి విశాఖపట్నం వెళ్ళినప్పుడు హాస్టల్లో నేను నోరు విప్పితే చాలు, చుట్టూ మూగేవాళ్ళు. "ఏదీ, ఇంకోసారి 'ఏటి' అను" అనేవాళ్ళు. సినిమాల్లో పనిమనిషి, మోసపోయే అమాయకురాలు మాట్లాడే భాష మాది. హీరోయిన్ మాట్లాడదు. ఆరు నెల్లలో నాను నేనైంది, నేదు లేదైంది, ఎల్లిపోనాది వెళ్ళిపోయింది అయింది. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. నవ్వారంతే.

మా ఊరి గురించి ఒక మాట చెప్పాలి. చీపురుపల్లి ఎక్కడికీ కదలలేదు గానీ దాని జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. మా అమ్మ పుట్టినప్పుడు విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళాం. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా వచ్చాక అటు వెళ్ళాం. మా పాత కాగితాలన్నీ ఒక జిల్లా పేరుతో ఉంటే, కొత్తవి ఇంకో పేరుతో ఉంటాయి. ఒకవైపు పొందూరు, అక్కడ ఆడవాళ్ళు వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్న నూలు వడుకుతారు. ఇంకోవైపు గరివిడి, మాంగనీసు గనుల నేల. ఉత్తరాన ఒడిశా దూరం కాదు. బేగి అన్న మాట ఒడియాలోనూ ఉంది, అర్థమూ అదే. జిల్లాలు గీసిన గీతల్ని మాట పట్టించుకోలేదు.

ఇంకో సంగతి. గురజాడ అప్పారావు బాల్యం గడిచింది మా ఊళ్ళోనే. తండ్రి వెంకటరామదాసు గారు చీపురుపల్లిలో ఉద్యోగం చేసేవారు. 1862లో పుట్టిన గురజాడ పదేళ్ళ వయసు దాకా ఇక్కడే చదువుకున్నారు. తండ్రి పోయాకే విజయనగరం వెళ్ళారు. బడి వదిలాక ఆ పిల్లవాడి చెవిన పడ్డ భాష మా ముత్తవ్వలు మాట్లాడిన భాషే అయుండాలి. చిన్నప్పుడు ఈ సంగతి మాకు చాలా గొప్పగా చెప్పేవాళ్ళు. ఆ భాషనే మానుకోమని కూడా వాళ్ళే చెప్పేవాళ్ళు. ఆ రెంటికీ పొత్తు కుదరదని అప్పుడు ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

వాడుక భాష కోసం పోరాడిన ఇద్దరు పెద్దలూ మా వైపువాళ్ళే. గురజాడ 1892లో కన్యాశుల్కం ఆడించారు, 1897లో అచ్చు వేశారు, 1909లో దాదాపు తిరగరాసి మళ్ళీ వేశారు. గిడుగు రామమూర్తి పంతులు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1906 ప్రాంతం నుంచి, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ కూడా తోడై, బడిపుస్తకాల్లో బతికున్న తెలుగు ఉండాలని వాదన మొదలుపెట్టారు. 1914లో గురజాడ మద్రాసు యూనివర్సిటీకి ఇచ్చిన అసమ్మతి పత్రం ఆ వాదనకి పెద్ద ఆయుధమైంది. ఎదుటి పక్షంవాళ్ళు వాడిన తిట్టు 'గ్రామ్యం'. ఊరిమాట అనడమే ఒక తిట్టు!

వీళ్ళ వల్లే నేనీ వ్యాసం ఇలా రాయగలుగుతున్నాను. ఆ రుణం కాదనను. కానీ ఒక్కటి గమనించాలి. వాళ్ళు పుస్తకాల్లోకి రమ్మన్నది ఎవరి మాటని? శిష్టుల వాడుకని, అంటే చదువుకున్నవాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగుని. 'శిష్ట వ్యావహారికం' అనే పేరులోనే ఆ గీత ఉంది. తర్వాత పత్రికలు, చదువు, డబ్బు ఎక్కువగా ఉన్న గోదావరి, కృష్ణా జిల్లాల పై కులాల మాటే ప్రమాణమైంది. గ్రాంథికం గుమ్మం దాటి వాడుక లోపలికొచ్చింది. వస్తూ వస్తూ మా అమ్మమ్మని వీధి అరుగు మీదే కూచోబెట్టింది. కన్యాశుల్కంలో అగ్రహారం ఆడవాళ్ళ మాట, మధురవాణి మాట ఎంత గట్టిగా వినబడతాయో! అసిరిగాడి నోట మా మాట కూడా కాస్త వినబడుతుంది. కానీ మడిలో దిగి నడుం వంచిన ఆడమనిషి మాట నాకక్కడ అంతగా వినిపించలేదు.

ఆ మాట వినబడితే ఏం తెలిసేది? నా జాబితాలోని 'మారుమనువు' దగ్గరికి వస్తాను. మా అమ్మాయికి దీని అర్థం తెలీదు. అమ్మమ్మ నోట విన్నానంతే అంది.

గురజాడ తన నాటకం తొలికూర్పు ముందుమాటలో ఒక లెక్క ఇచ్చారు. మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ పట్టీ తయారుచేయిస్తే మూడేళ్ళలో 1034 తేలాయి. అందులో ఏడాది వయసు పసిపిల్లలు ముగ్గురున్నారు. వాళ్ళ ధర 350 నుంచి 400 రూపాయలు. చదివితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పిల్లలకి ముసలి మొగుడు చచ్చిపోతే బతుకంతా వైధవ్యమే. అందుకే 1856లో వితంతు వివాహ చట్టం వచ్చింది, అందుకే 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం గారు చేయించిన పెళ్ళి చరిత్రకెక్కింది. మా బడిపుస్తకంలో దాన్ని ఆంధ్రదేశంలో తొలి వితంతు వివాహమని చదివి నేను పరీక్షల్లో రాశాను, మార్కులూ వచ్చాయి.

ఆ జవాబు రాసిన నేనే ఒక మారుమనువు బిడ్డకి పుట్టిన బిడ్డని. మా అమ్మమ్మ మొదటి మొగుడు తాగొచ్చి కొట్టేవాడు. ఆవిడ ఒకరోజు పొద్దున్నే పుట్టింటికి నడిచి వచ్చేసింది. కులపెద్దలు కూచున్నారు. మొదటివాడు పెట్టిన ఓలి డబ్బు మా తాత తిరిగి కట్టి ఆవిణ్ణి మనువాడాడు. ఇది 1930లలో మాట. మా అమ్మ ఆ మనువుకే పుట్టింది. ఊళ్ళో దీన్నెవరూ సంస్కరణ అనలేదు, తప్పు అని కూడా అనలేదు. శ్రమ చేసుకు బతికే చాలా కులాల్లో ఇది ఉన్నదే. వీరేశలింగం గారి పెళ్ళి కన్నా ఎంతో ముందునుంచీ ఉన్నదే. మాకు దానికి ఒక మాట ఉంది, ఒక కొలత ఉంది, ఒక పద్ధతి ఉంది. కానీ అది యాసలో ఉంది కాబట్టి చరిత్ర కాలేదు.

దీన్ని నేను బంగారంలా చూపించడం లేదు. ఓలి అంటే ఆడదానికి కట్టిన వెలే. డబ్బు ఒక మగవాడి చేతిలోంచి ఇంకో మగవాడి చేతిలోకి పోయింది. అమ్మమ్మని అడిగి ఎవరూ లెక్క రాయలేదు. ఓలి మాట పక్కన ఇంగ్లీషులో బ్రైడ్ ప్రైస్ అని రాస్తే తప్పు కాదు. కానీ ఆ ఇంగ్లీషు మాట దగ్గర తలుపు మూసుకుపోతుంది. అమ్మమ్మకి ఓలి వెనక ఒక తలుపు తెరిచి ఉంది. తన్నే మొగుణ్ణి వదిలి నడిచి రావచ్చు, వచ్చాక మళ్ళీ ఒక ఇల్లు దొరుకుతుంది. అగ్రహారంలో బుచ్చమ్మకి ఆ తలుపు లేదు.

ఆ తలుపుని మేమే మూసేశాం. మా నాన్న ప్రైమరీ స్కూలు మాస్టారు. మా ఇంట్లో చదువు, జీతం, కుర్చీలు వచ్చాయి. వాటితోపాటే మర్యాద కూడా వచ్చింది. నాన్న 1978లో పోయారు. అప్పటికి అమ్మకి నలభై. ఏడాది తిరక్కుండానే మా పెద్దమ్మ వచ్చి, "వయసులో ఉన్న మనిసి. మంచి సంబంధం ఉన్నాది, మారుమనువు సేసీండి" అంది. మావయ్య మండిపడ్డాడు. "మనం ఇప్పుడు అలాటోళ్ళం కాదు" అన్నాడు. ఇరవయ్యేళ్ళ చదువుకున్నదాన్ని, నేను కూడా మావయ్య పక్షమే నిలబడ్డాను. పెద్దమ్మ మాట నాకు మోటుగా వినిపించింది. వీరేశలింగం గురించి వ్యాసం రాసిన చెయ్యే, మారుమనువు అన్న మాటకి చెవులు మూసుకుంది. అమ్మని ఏమనుకుంటున్నావని అడిగిన వాళ్ళు లేరు. నేనూ అడగలేదు. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు ఆవిడ ఒంటరిగా బతికింది.

1983లో నా పెళ్ళికి అమ్మ ఎకరంన్నర పొలం అమ్మింది. వరకట్న నిషేధ చట్టం వచ్చి అప్పటికి ఇరవై రెండేళ్ళు. అమ్మమ్మకి ఓలి వచ్చింది, నాకు కట్నం పోయింది. మధ్యలో మేం సాధించిన అభివృద్ధి ఇదీ! మాట మారింది, మనువు మారింది, రెండూ ఒకే మూటలో కట్టి అవతల పారేశాం. నాను బదులు నేను అనడం నేర్చుకున్న సంవత్సరాల్లోనే, మొగుణ్ణి వదలడం పరువు తక్కువ అనడం కూడా మా ఇళ్ళలో నేర్చుకున్నాం.

జాబితాలో ఇంకో మాట కంబారి. బుగత దగ్గర ఏడాదికింత ధాన్యమని కుదుర్చుకున్న పాలేరు. బుగత అంటే భూస్వామి. మా తాత కంబారి. ఇంగ్లీషులో ఫార్మ్ సర్వెంట్ అని రాశాను. రాశాక అమ్మ చెప్పింది గుర్తొచ్చింది. తాత కంబారితనంలో అమ్మమ్మ పని కూడా కలిసే ఉండేది. తెల్లారుజామున బుగతోరి సాలలో పేడ తియ్యడం, కళ్ళాపి జల్లడం, చోళ్ళు దంచడం. దానికి విడిగా కొలిచిన ధాన్యం లేదు, మిగిలిన కూడు తప్ప. ఆ పనికి విడిగా పేరు కూడా మా ఇంట్లో నేను వినలేదు. 'కంబారోడి పెళ్ళాం' అంతే. పేరు లేని పనికి కూలి అడగడం ఎలా? మా యాస కూడా ఆడవాళ్ళని అన్నిచోట్లా ఆదుకోలేదన్నమాట. తెలుగు వ్యాకరణం ఏకవచనంలో ఆడదాన్ని పశువుతోనూ రాయితోనూ కలిపి అమహత్తులో వేసింది. మా యాసలోనూ అంతే. గుంటడు వచ్చినాడు, గుంట వచ్చినాది, గేదె వచ్చినాది.

కానీ ఉబాలు అన్న మాట దగ్గర పరిస్థితి వేరు. ఉబాలంటే వరినాట్లు. ఆకుమడిలో ఆకు తీసి, కట్టలు కట్టి, మడిలో వరసగా నాటడం. ఆ పని ఆడవాళ్ళదే. ఉబాలప్పుడు ఎవరి మడి ముందు, ఎవరిది వెనక, కూలి ఎంత అన్నదాని మీద ఆడవాళ్ళ మాట నడిచేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక పెద్దరైతు కూలి కొలిచే కుంచం చిన్నది చేశాడని తెలిసింది. అమ్మమ్మతో పాటు పదిహేను మంది దాకా ఆడవాళ్ళు పొద్దుగూకే వేళ ఆయన వాకిట్లోకి వెళ్ళారు. నేను అమ్మమ్మ కొంగు పట్టుకుని ఉన్నాను. వాళ్ళు వీధిలో దుమ్ము గుప్పిళ్ళతో ఎత్తి ఆయన గుమ్మం మీదకి పోశారు. పోస్తూ ఆయన తాత దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్లు అందుకున్నారు. తిట్టులో ప్రాస ఉంది, వరస ఉంది. ఒకావిడ ఆపితే ఇంకోావిడ అందుకుంది. మగవాళ్ళెవరూ అడ్డం రాలేదు. మూడు సాయంత్రాలు అలా జరిగింది. నాలుగో రోజు పాత కుంచం బయటికొచ్చింది.

ఈనాడు ఏ పత్రిక తెరిచినా 'ప్రతిపక్షం దుమ్మెత్తి పోసింది' అని ఉంటుంది. ఆ వాక్యంలో దుమ్మూ లేదు, ఆడవాళ్ళూ లేరు. అది ఒకప్పుడు నిజంగా చేతుల్తో చేసిన పనని, న్యాయస్థానం మెట్లెక్కలేని వాళ్ళ చేతిలో ఉన్న న్యాయమని ఆ వాక్యం రాసేవాళ్ళకి గుర్తుండదు.

దీన్ని నేను అర్థం చేసుకున్నది మాత్రం మా ఊళ్ళో కాదు. ఎమ్మే పిల్లలకి చినువా అచెబె 1958 నాటి నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' చెప్పడానికి నైజీరియా ఇగ్బోల గురించి చదువుతున్నప్పుడు ఒక మాట తగిలింది. ఇంగ్లీషులో దాన్ని 'సిటింగ్ ఆన్ ఎ మేన్' అంటారు. మగవాడి మీద కూచోవడం! భార్యని హింసించినవాడి ఇంటికో, ఆడవాళ్ళ సంత నియమాలు తప్పినవాడి ఇంటికో ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళి, అతని తప్పులు పాటగా పాడుతూ, ఆడుతూ, రోకళ్ళతో గోడలు కొడుతూ, అతను తప్పు ఒప్పుకునేదాకా కదలరు. దాన్ని అలా అంటారట. 1929 చివర్లో, తెల్లదొరలు ఆడవాళ్ళ మీద కూడా పన్ను వేస్తారన్న భయంతో వేలమంది ఆడవాళ్ళు దొరలు పెట్టిన పెత్తందార్ల మీద ఇదే పద్ధతిలో కదిలారు. తుపాకులు పేలి యాభై మందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారు. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు అబా అల్లర్లు. ఆ ఆడవాళ్ళ భాషలో దాని పేరు ఆడవాళ్ళ యుద్ధం. జూడిత్ వాన్ ఆలెన్ అనే పరిశోధకురాలు 1972లో ఈ తేడాని ఎత్తి చూపించింది. అల్లరి అంటే గుంపు చేసే గోల. యుద్ధం అంటే కారణం ఉంది, కట్టడి ఉంది. మాట మార్చగానే జరిగిన విషయమే మారిపోయింది.

ఆ పేజీ చదువుతుంటే నాకు అమ్మమ్మ గుప్పిట్లో దుమ్ము కనిపించింది. ఎక్కడి ఇగ్బోలు, ఎక్కడి చీపురుపల్లి! వాళ్ళ భాషకీ ఇలాంటి కథే ఉంది. మిషనరీలు రకరకాల ఇగ్బో యాసల్ని కలిపి కుట్టి ఒక ప్రమాణ భాష తయారుచేసి, 1913లో అందులో బైబిలు అచ్చు వేశారు. ఆ భాషకి ప్రాణం లేదని అచెబె చాలాకాలం పోట్లాడాడు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఇక్కడ గిడుగు వారు బతికున్న తెలుగు కోసం పోట్లాడుతున్నారు. ఎవరి మాట ప్రమాణం అన్న ప్రశ్న అన్నిచోట్లా ఒకేసారి తలెత్తినట్టుంది. ఎవరి మాట బయట మిగిలిపోయింది అన్నది మాత్రం చాలా తర్వాత, ఎక్కువగా ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న.

మన దగ్గరా అడిగారు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ళ నోటి నుంచే విని పుస్తకం చేశారు. ఆ పుస్తకం చదువుతూ కూడా నేను ఇంట్లో అమ్మకి 'పాప అనాలి' అని నేర్పుతూనే ఉన్నానని ఇప్పుడు ఒప్పుకోవాలి. తెలంగాణ స్త్రీల మాట నాకు చరిత్రలా వినిపించింది. నా తల్లి మాట తప్పుల్లా వినిపించింది. మన ఇంట్లో ఉన్నది చరిత్రని అనుకోవడం అన్నిటికన్నా కష్టం.

జాబితా మొన్న పూర్తిచేసి పంపాను. సోడంబలికి ఒక్క వాక్యం చాలింది, రాగుల గంజి అని. సోడా వేసి చేస్తారేమో అనుకుందట మా అమ్మాయి! మారుమనువుకి మాత్రం రెండు పేజీలు పట్టింది. అందులో 1978 నాటి సంగతి కూడా దాచకుండా రాశాను. మా అమ్మాయి రెండు రోజులు ఏమీ అనలేదు. తర్వాత ఫోను చేసి, "అమ్మమ్మకి ఇష్టమేనేమో కదమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చెప్పగలిగిన మనిషికి నా ఇంట్లో నోరు నొప్పెట్టేది.

గుంట పక్కన రాసిన గర్ల్ కొట్టేశాను. "దీనికి అర్థం అడగొద్దు, పాపని అలా పిలువు, అదే తెలుస్తుంది" అని రాశాను. ఇప్పుడు ఆదివారాలు వీడియోలో నేనే పిలుస్తున్నాను. "ఒలే గుంటా, ఏటి సేస్తన్నావే?" అంటాను. దానికి అది కిలకిలా నవ్వుతుంది. ఆ నవ్వుకి నాకిప్పుడు సిగ్గు లేదు. కానీ యాభై ఏళ్ళు మానేసిన మాట కదా, రెండు వాక్యాలు దాటేసరికి నాలుక మళ్ళీ పుస్తకం తెలుగులోకి జారిపోతోంది. పట్టి వెనక్కి లాగితే నోరు నొప్పెడుతోంది. అయినా మాటాడుతున్నాను.